దవడ కండరం పట్టేస్తే: కాపడం, మర్దన, కరెంటు, కసరత్తుల్లో ఏది ముందు, ఏది తర్వాత?

దవడ నొప్పి అనగానే మనవాళ్ళు ముందు పన్ను చూపించుకుంటారు. పన్ను బాగానే ఉందంటే చెవి చూపించుకుంటారు. చెవీ బాగానే ఉందంటే ఎవరో చెప్పారని ఫిజియోథెరపీకి వెళ్ళి పది రోజులు ‘కరెంటు’ పెట్టించుకుంటారు. పెట్టినంతసేపూ హాయిగానే ఉంటుంది. ఇంటికొచ్చి నాలుగు జంతికలు నమిలేసరికి కథ మళ్ళీ మొదటికొస్తుంది.

తప్పు మిషన్‌ది కాదు. వేడి, టెన్స్ (చర్మం మీద ప్యాడ్లు అంటించి పెట్టే సన్నటి కరెంటు), అల్ట్రాసౌండ్, లేజర్ ఇవన్నీ నొప్పిని కాసేపు వెనక్కి నెట్టి కండరాన్ని కొంచెం వదులు చేస్తాయి, అంతవరకే వాటి పని. ఆ కాసేపట్లో కండరాన్ని సాగదీయాలి, దవడకి తిన్నగా కదలడం మళ్ళీ అలవాటు చేయాలి. మిగతా రోజంతా పళ్ళు బిగపట్టకుండా చూసుకోవాలి. వీటిని విడివిడిగా చేస్తే ఏదీ నిలవదు. అలాగని కలపడమంటే ఉన్నవన్నీ ఒకే రోజు మీద కుమ్మరించడమూ కాదు. అలా కుమ్మరించి నొప్పి పెంచుకునేవాళ్ళ గురించి కింద చెప్తాం.

ముందు ఇది కండరమేనా?

అద్దం ముందు కూర్చోండి. రెండు చేతుల మూడేసి వేళ్ళు చెంప ఎముకకీ దవడ మూలకీ మధ్య ఆనించి, పళ్ళు ఒక్కసారి గట్టిగా కరిచి వదలండి. వేళ్ళ కింద ఉబికి లేచేది మాసెటర్, నమిలే కండరాల్లో ముఖ్యమైనది. ఇప్పుడు వేళ్ళు కణతల మీద పెట్టి మళ్ళీ కరవండి. విసనకర్రలా పరుచుకుని అక్కడ కదిలేది టెంపొరాలిస్. ఇవి కాక లోపల టెరిగాయిడ్‌లని రెండు ఉన్నాయి, వాటి సంగతి ఇంట్లో తేలదు.

ఇక నొక్కి చూడాలి. ఎంత గట్టిగా అన్నదే ఇక్కడ చిక్కు. కొందరు తట్టి వదిలేస్తారు, కొందరు బొటనవేలితో పొడిచి అందరికీ నొప్పి పుట్టిస్తారు. 2014లో వచ్చిన అంతర్జాతీయ పరీక్షా ప్రమాణాల్లో ఈ రెండు కండరాలకీ చెప్పిన ఒత్తిడి ఒక కిలో, నొక్కి ఉంచాల్సింది 2 సెకన్లు. వంటింట్లో డిజిటల్ త్రాసు ఉంటే దాని మీద చూపుడువేలి కొసతో నొక్కి 1000 గ్రాములు ఎంతో చూసుకోండి. నాలుగైదుసార్లు నొక్కితే వేలికి ఆ లెక్క తెలిసిపోతుంది. అప్పుడు కండరం మీద పైన, మధ్యన, కింద మూడు చోట్ల నొక్కండి. నొప్పి వచ్చినంత మాత్రాన సరిపోదు. ‘ఆ, ఇదే, నన్ను రోజూ బాధపెట్టేది ఇదే’ అనిపించాలి. అదే చోట 5 సెకన్లు పట్టి ఉంచితే కొందరికి నొప్పి వెనక దంతాల్లోకో, చెవిలోకో, కనుబొమ్మ మీదికో పాకుతుంది. బాగున్న పంటికి రూట్ కెనాల్ చేయించుకునే ప్రమాదం వచ్చేది ఇక్కడే. పంటి డాక్టరు ఎక్స్‌రేలో ఏమీ లేదంటే ఆ మాట నమ్మండి.

తర్వాత నోరు ఎంత తెరుచుకుంటుందో కొలవాలి. స్కేలు సున్నా గీతను కింది ముందు పంటి అంచుకి ఆనించి, నొప్పి రానంతవరకు తెరిచి, పై పంటి అంచు దగ్గర అంకె చూడండి. పెద్దవాళ్ళకి మామూలుగా 40 మిల్లీమీటర్లో అంతకు మించో ఉంటుంది. స్కేలు లేకపోతే చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు నిలువుగా పేర్చి పెట్టండి, మూడూ పట్టాలి. మీ వేళ్ళే పెట్టాలి, ఇంకొకరివి కాదు. ఆ తర్వాత బొటనవేలు పై పళ్ళ మీద, చూపుడువేలు కింది పళ్ళ మీద కత్తెరలా వేసి మెల్లగా ఇంకొంచెం తెరవండి. రబ్బరులా సాగుతూ మరో నాలుగైదు మిల్లీమీటర్లు వస్తే అడ్డు పడుతున్నది ఎక్కువగా కండరమే. తలుపు గొళ్ళానికి తగిలినట్టు టక్కున ఆగిపోతే కీలులో ఎముకల మధ్య ఉండే మెత్తటి బిళ్ళ (డిస్క్) అడ్డం పడి ఉండొచ్చు. అలాంటప్పుడు బలవంతంగా సాగదీయకండి, డాక్టరుకి చూపించండి.

నోటి కొలత, నొప్పికి 0 నుంచి 10 లోపు ఒక అంకె, తేదీ వేసి రాసి పెట్టుకోండి. వారానికోసారి చాలు. రోజూ కొలిస్తే రోజూ దిగులు.

ఇవి ఉంటే కాపడం కాదు, ఆస్పత్రి

మెట్లెక్కుతుంటే దవడ లాగి, కూర్చుంటే పోయే నొప్పి గుండెది కావచ్చు. సింహాచలం మెట్ల మీదో, బస్సు కోసం పరిగెత్తినప్పుడో అలా వస్తే, చెమట, ఆయాసం, చెయ్యి లాగడం తోడైతే 108కి ఫోన్ చేయండి. 50 దాటినవాళ్ళకి కొత్తగా కణత నొప్పి మొదలై, దువ్వెన తగిలితే నెత్తి నొప్పెట్టి, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ అలిసిపోతుంటే అది కణత రక్తనాళపు వాపు కావచ్చు. చూపు మసకబారడం దాకా ఆగకూడదు, అదే రోజు వెళ్ళాలి. ఆలస్యమైతే చూపు శాశ్వతంగా పోయే జబ్బు అది.

జ్వరం, చెంప వాపు, నోట్లో చీము, జ్ఞానదంతం చుట్టూ వాచి నోరు తెరుచుకోకపోవడం పంటి డాక్టరు పని. దెబ్బో గాయమో తగిలిన కొద్ది రోజులకి దవడ బిగుసుకుపోతే ధనుర్వాతం అని అనుమానించాలి. షాక్ కొట్టినట్టు సెకన్లపాటు మెరిసి పోయే నొప్పి నరానిది.

మన వైపు ఇంకో రెండు చూసుకోవాలి. గుట్కా, వక్కపొడి అలవాటు ఉండి, నోరు నెలనెలకీ చిన్నదవుతూ, కారం తగిలితే మంట పుడుతుంటే అది కండరం పట్టడం కాదు. బుగ్గల లోపలి పొర గట్టిపడిపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్, క్యాన్సర్‌కి దారితీయగల స్థితి. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అమ్మమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్ళు దవడ నొప్పి అంటే ముందు నోరు తెరిపించి అంగిలి చూడాలి. తెల్లటి మచ్చ, మానని పుండు కనిపిస్తే మర్దన మాట ఎత్తకూడదు.

వీటికి విశాఖపట్నంలో కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) ఉంది. రుషికొండలో గీతం డెంటల్ కాలేజీ, సంగివలసలో అనిల్ నీరుకొండ డెంటల్ కాలేజీ ఉన్నాయి. డెంటల్ కాలేజీలో అడగాల్సింది ‘ఓరల్ మెడిసిన్’ విభాగం. నేరుగా పన్ను పీకే గదికి వెళ్ళి కూర్చోవద్దు.

పగలంతా చేసే పని

మిషన్‌లకన్నా ముందు చెప్పాల్సింది ఇదే, చాలామంది దాటేసేదీ ఇదే. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తాకకూడదు. 24 గంటల్లో అవి తాకే సమయం మొత్తం కలిపినా అరగంటలోపే ఉండాలి. కంప్యూటర్ ముందు కూర్చున్నా, బండి నడుపుతున్నా, కోపం మింగుకుంటున్నా తెలియకుండానే పళ్ళు ఆనిపోతాయి. గట్టిగా కొరకనక్కర్లేదు, ఊరికే ఆనించి ఉంచినా గంటల తరబడి కండరం పని చేస్తూనే ఉంటుంది.

సరైన స్థానం ఎలా పట్టుకోవాలంటే, ‘ల్’ అని మొదలుపెట్టి మధ్యలో ఆపేయండి. నాలుక కొస పై ముందు పళ్ళకి కాస్త వెనక, అంగిలి గట్టు మీద ఉంటుంది. పళ్ళు విడిగా ఉంటాయి. నాలుకని అక్కడే ఉంచి పెదాలు మెత్తగా మూసి ముక్కుతో ఊపిరి తీసుకోండి. పెదాలు మూసినా పళ్ళ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉండాలి. నాలుకతో అంగిలిని తోయకూడదు, ఊరికే ఆనించాలి. కొందరు శ్రద్ధ ఎక్కువై నాలుకని గట్టిగా నొక్కిపెడతారు, దాంతో గడ్డం కింద కొత్త నొప్పి తెచ్చుకుంటారు.

రోజంతా గుర్తుంచుకోవడం అయ్యే పని కాదు కాబట్టి గుర్తుచేసేవి పెట్టుకోవాలి. మానిటర్ మూల మీద ఒక చుక్క స్టిక్కర్, ఫోన్ కవరు మీద ఒకటి, గ్యాస్ స్టవ్ పైన ఒకటి అంటించండి. మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడ్డ ప్రతిసారీ ‘పళ్ళు ఆనాయా?’ అని చూసుకోండి. ఆని ఉంటే ‘ల్’ అని వదిలేయడం, అంతే. మొదటి వారం చూసినప్పుడల్లా ఆని ఉన్నట్టే కనిపిస్తుంది. అది మంచి లక్షణమే, ఇన్నాళ్ళూ గమనించలేదన్నమాట.

రాత్రి అరగంట

ఇంట్లో చేసుకునే వరుస ఇది: వేడి, మర్దన, సాగదీత, తిన్నగా తెరవడం, మెడ. పడుకునే ముందు చేస్తే మంచిది. స్టీల్‌ప్లాంట్‌లోనో ఇంకెక్కడో రాత్రి షిఫ్టు ఉన్నవాళ్ళు పొద్దున వచ్చి పడుకునే ముందు చేసుకోవాలి.

వేడి, 15 నుంచి 20 నిమిషాలు. తడి కాపడం పెడితే వేడి చెంపకి అంతటా సమానంగా తగులుతుంది. చేతి తువ్వాలు వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండి, ముంజేతి లోపలి వైపు ఆనించి చూడండి. వెచ్చగా హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. తువ్వాలు ఐదు నిమిషాల్లో చల్లారిపోతుంది. అందుకని తడి తువ్వాలు మీద రబ్బరు వేడినీళ్ళ సంచి ఆనించి, దాని మీద పొడి తువ్వాలు చుట్టండి. రాళ్ళుప్పు మూకుడులో వేయించి మూటకట్టి కాపడం పెట్టడం మన ఇళ్ళలో ఉన్నదే. చెడ్డది కాదు గానీ మూట పైన గోరువెచ్చగా ఉన్నా లోపల కాలుతుంటుంది, ఒకేచోట ఆనించి ఉంచితే చర్మం కందుతుంది. షుగరు వల్ల స్పర్శ తగ్గినవాళ్ళు దాని జోలికి వెళ్ళకూడదు. ఏ కాపడమైనా దాని కింద బామ్ రాయొద్దు. బామ్ మంట, వేడి మంట కలిసి బొబ్బ లేచేదాకా తెలియదు. మే నెల ఉక్కపోతలో 20 నిమిషాలు భరించలేకపోతే ఫ్యాను కింద కూర్చుని 10 నిమిషాలు పెట్టుకున్నా చాలు.

ఐస్ ఎప్పుడంటే, పంటి డాక్టరు దగ్గర గంటసేపు నోరు తెరిచి కూర్చుని వచ్చిన రోజో, దెబ్బ తగిలిన రోజో, మొదటి రెండు రోజులు. గుడ్డలో చుట్టి 5 నుంచి 10 నిమిషాలు. నెలల తరబడి పట్టేసి ఉన్న కండరానికి ఎక్కువమందికి వేడే పడుతుంది. మీకు ఐసే హాయిగా ఉందంటే ఐసే పెట్టుకోండి, ఇందులో పంతం ఏమీ లేదు.

మర్దన, 5 నిమిషాలు. పళ్ళు విడిగా ఉంచి, దవడని వేలాడనివ్వండి. కొబ్బరినూనె రెండు చుక్కలు చాలు, ఎక్కువైతే వేలు జారిపోయి కండరం చేతికి దొరకదు. రెండు వేళ్ళు చెంప ఎముక కింద పెట్టి దవడ మూల దాకా మెల్లగా కిందికి లాగండి. ఒక్కో లాగుడుకి ఐదు సెకన్లు, పది లాగుళ్ళు. దారిలో ముడిలాంటి చోటు దొరుకుతుంది. అక్కడ ఆగి, నొప్పి పదికి నాలుగైదు దాటనంత ఒత్తిడితో 30 నుంచి 60 సెకన్లు పట్టి ఉంచండి. సరైన ఒత్తిడి అయితే వేలు కదపకుండానే నొప్పి దానంతటదే తగ్గుముఖం పడుతుంది. తగ్గకుండా పెరుగుతుంటే మీరు గట్టిగా నొక్కుతున్నారన్నమాట, సగానికి తగ్గించండి. కణత మీద చెవి పైన, ముందు, కాస్త వెనక మూడు చోట్ల గుండ్రంగా తిప్పండి.

లోపలి నుంచి పట్టుకునే పద్ధతి ఇంకా బాగా పనిచేస్తుంది. గోళ్ళు తీసి, చెయ్యి కడిగి లేదా గ్లౌజు వేసుకుని, ఎడమ చెంపకి కుడి బొటనవేలు నోట్లో చెంపకీ పళ్ళకీ మధ్యన పెట్టి, చూపుడువేలు బయట పెట్టండి. రెండు వేళ్ళ మధ్య కండరం మందంగా, చపాతీ పిండి ముద్దలా దొరుకుతుంది. 30 సెకన్లు మెత్తగా పిసికి, ముందుకి లాగి వదలండి. ఇంతకన్నా వెనక్కి వెళ్ళొద్దు. లోపలి టెరిగాయిడ్‌ల కోసం గొంతు వైపు వేలు పెట్టి వెతికే వీడియోలు చూసి ప్రయత్నిస్తే వాంతి రావడం, పుండు పడడం తప్ప ఒరిగేది లేదు. ఫిజియోథెరపిస్టుకే అది చేతికి దొరకడం కష్టం. దవడ మూల కింద మెడ వైపు కూడా నొక్కకూడదు, అక్కడ లాలాజల గ్రంథి, పెద్ద రక్తనాళం ఉన్నాయి.

సాగదీత, 5 నిమిషాలు. ముందు నాలుక కొస ‘ల్’ స్థానంలో ఉంచి, అది ఊడిరానంతవరకే నోరు తెరిచి మూయండి, ఆరుసార్లు. తర్వాత బొటనవేలు గడ్డం కింద ఆనించి, నోరు తెరవబోతున్నట్టు కిందికి తోస్తూ వేలితో అడ్డుకోండి. దవడ కదలకూడదు. కోడిగుడ్డు పగలనంత మెత్తటి బలం, ఆరు సెకన్లు. వదిలి, ఊపిరి బయటికి వదులుతూ నోరు హాయిగా తెరవండి, మొదటిసారి కన్నా కాస్త ఎక్కువ వస్తుంది. నోరు తెరిచే కండరాలు పనిచేసేటప్పుడు మూసే కండరాలకి వదలమని సంకేతం వెళ్తుంది, కిటుకు అదే. నాలుగైదుసార్లు చాలు. చివర్న కత్తెర వేళ్ళతో 15 నుంచి 30 సెకన్లు పట్టి ఉంచండి, మూడుసార్లు. లాగినట్టు ఉండాలి, పొడిచినట్టు కాదు.

నోరు 35 మిల్లీమీటర్లు కూడా దాటనివాళ్ళకి, అదీ రబ్బరులా సాగే రకం అయితేనే, పుల్ల ఐస్‌క్రీమ్ పుల్లలు బాగా పనికొస్తాయి. స్టేషనరీ షాపుల్లో కట్టలుగా దొరుకుతాయి, ఒక్కోటి దాదాపు 2 మిల్లీమీటర్ల మందం. శుభ్రంగా కడిగి ఇబ్బంది లేకుండా పట్టినన్ని పేర్చి రబ్బరు బ్యాండు వేసి, ముందు పళ్ళ మధ్య పెట్టుకుని అర నిమిషం ఉంచండి. కొరకకూడదు, ఆనించాలంతే. మర్నాడు పొద్దున నొప్పి పెరగకపోతే మూడు నాలుగు రోజులకోసారి ఒక పుల్ల కలపండి. ముందు పళ్ళు కదులుతున్నా, క్యాపులు ఉన్నా ఇది మానేయండి.

తిన్నగా తెరవడం. అద్దం మీద నిలువుగా ఒక దారం అంటించి, కింది ముందు పళ్ళ మధ్య గీత దారం వెంటే దిగేలా నోరు తెరవండి. చాలామందికి దవడ ఒక పక్కకి వంకరపోతుంది. వంకరపోయే చోటుకి ముందే ఆగి, వెనక్కి వచ్చి, మళ్ళీ తెరవండి. పదిసార్లు. వేగంగా చేస్తే పాత దారిలోనే వెళ్తుంది.

మెడ వేరు, దవడ వేరు అనుకోకండి. తల ముందుకి వాలి కూర్చుంటే కింది దవడ వెనక్కి లాగబడి పళ్ళు ఆనిపోతాయి. గడ్డాన్ని వెనక్కి, డబుల్ చిన్ వచ్చేలా లాగి 5 సెకన్లు, పదిసార్లు. తర్వాత ఒక చెవిని అదే వైపు భుజం మీదికి వంచి 20 సెకన్లు, రెండు వైపులా మూడేసిసార్లు.

చిలీ ఫిజియోథెరపిస్టు మరియానో రొకబాడో పేరున ప్రచారంలో ఉన్న 6×6 పద్ధతిలో ఆరు కదలికలు, ఒక్కోటి ఆరుసార్లు, రోజుకి ఆరు విడతలు చేయమంటారు. ఉద్యోగం చేసేవాళ్ళు ఆరు విడతలు మొదలుపెట్టి నాలుగో రోజు అన్నీ మానేస్తారు. రాత్రి పూర్తి వరుస, పొద్దునా మధ్యాహ్నమూ నాలుక ఆనించి తెరిచే కదలిక ఒక్కటే పెట్టుకోండి, అది సాగుతుంది.

క్లినిక్‌లో ఏది దేనితో

వారానికి రెండు సిట్టింగులు, మధ్యలో ఇంట్లో పని. మిషన్ ఎప్పుడూ వ్యాయామానికి ముందు. టెన్స్ పెట్టి నేరుగా ఇంటికి పంపించేస్తుంటే ‘ఇప్పుడు సాగదీయించరా?’ అని అడగండి.

టెన్స్: 80 నుంచి 100 హెర్ట్జ్, 20 నుంచి 30 నిమిషాలు. చిన్న ప్యాడ్లు కావాలి, నడుముకి వేసే పెద్దవి చెంప మీద పట్టవు. ఒకటి మాసెటర్ మీద, ఇంకొకటి అదే వైపు కణత మీద. రెండు కణతల మీదా చెరొకటి పెట్టి తలలోంచి కరెంటు పోయేలా పెట్టకూడదు, మెడ ముందు భాగంలో అసలే కూడదు. చీమలు పాకినట్టు గట్టిగా తెలియాలి గానీ పళ్ళు కొట్టుకోకూడదు. మన సముద్రపు గాలికి ముఖం జిడ్డుగా ఉండి ప్యాడు ఒక అంచు లేచిపోతుంది. అప్పుడు కరెంటంతా మిగిలిన చిన్న భాగంలోంచి పోయి చురుక్కుమంటుంది. పెంచానేమో అని నాబ్ తగ్గిస్తారు, అసలు లోపం ప్యాడుది. ముఖం సబ్బుతో కడిగి తుడిచి, ప్యాడు ఎండిపోతే ఒక చుక్క నీళ్ళు రాసి పెట్టాలి. గడ్డం పెంచినవాళ్ళకి అంత జాగా గీయక తప్పదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి టెన్స్ వద్దు. గర్భిణులు, మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టరుని అడగకుండా పెట్టించుకోకూడదు.

అల్ట్రాసౌండ్: మాసెటర్ చర్మం కిందే ఉంది కాబట్టి 3 మెగాహెర్ట్జ్, చిన్న హెడ్, చదరపు సెంటీమీటరుకి 0.5 నుంచి 1 వాట్, 5 నిమిషాలు. హెడ్ ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. దవడ ఎముక పైనే కండరం ఉంది. తరంగాలు ఎముక దగ్గర వేడిగా మారతాయి, హెడ్ ఒకచోట ఆగితే లోపల సూది దింపినట్టు నొప్పి పుడుతుంది. అలా అనిపిస్తే మొహమాటపడకుండా వెంటనే చెప్పండి. టెన్స్, అల్ట్రాసౌండ్ రెండూ ఒకే రోజు అయితే అల్ట్రాసౌండ్ ముందు, టెన్స్ తర్వాత. టెన్స్ స్పర్శని మొద్దుబారుస్తుంది, ఆ తర్వాత వేడి ఎక్కువైనా మీకు తెలియదు. ఇంట్లో టెన్స్ పెట్టుకుని వెంటనే కాపడం పెట్టడమూ అందుకే కూడదు.

లేజర్‌కి మీకూ, పెట్టేవాళ్ళకీ కళ్ళద్దాలు తప్పనిసరి. అవి లేవంటే ఆ గదిలో కూర్చోవద్దు. డ్రై నీడ్లింగ్ అంటే ముడిలోకి సన్నటి సూది దింపడం, శిక్షణ ఉన్నవాళ్ళ దగ్గరే చేయించుకోవాలి. ఒకటి రెండు రోజులు కండరం పుండులా ఉండడం మామూలే. షార్ట్‌వేవ్ డయాథర్మీ పాత మిషన్ ఇంకా ఉంటే, పళ్ళకి క్లిప్పులు, ఇంప్లాంట్లు, చెవి మిషన్ ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి, లోహం దగ్గర వేడి పోగవుతుంది.

ఎక్కడ బెడిసికొడుతుంది

మామూలుగా జరిగేది ఇలా ఉంటుంది. సోమవారం సూది, అదే సాయంత్రం లోపలి మర్దన, రాత్రి పుల్లలు మరో రెండు. మంగళవారం పొద్దున నోరు తెరవలేరు. ‘ఫిజియోథెరపీ పడలేదు’ అని మానేస్తారు. నిజానికి పడనిది ఫిజియోథెరపీ కాదు, ఒకే రోజు మూడు దెబ్బలు. సూది, లోతు మర్దన, గట్టి సాగదీత – వీటిలో ఒక రోజుకి ఒకటే. వేడి, టెన్స్, మెత్తటి కదలికలు ఏ రోజైనా దేనితోనైనా కలుస్తాయి. కొత్తది ఏదైనా కలిపితే నాలుగు రోజులు మిగతావి మార్చొద్దు, లేకపోతే ఏది మేలు చేసిందో ఏది చెరిచిందో తెలియదు. చేసిన రాత్రి కాస్త సలుపు ఉండి పొద్దుటికి పోతే మోతాదు సరిపోయినట్టు. పొద్దుటికి నిన్నటికన్నా ఎక్కువ ఉంటే సగం చేయండి, మానకండి.

రాత్రి పళ్ళు నూరే అలవాటుంటే పంటి డాక్టరు కొలత తీసి చేసే గట్టి అక్రిలిక్ స్ప్లింటు, పళ్ళన్నిటినీ కప్పేది, రాత్రి మాత్రమే. ఆన్‌లైన్‌లో దొరికే, ముందు పళ్ళకి మాత్రమే తొడిగేవాటిని నెలల తరబడి వాడితే వెనక పళ్ళు పైకి లేచి ముందు పళ్ళు కలవకుండా పోవచ్చు. కండరం నొప్పికి పళ్ళు అరగదీసి ‘బైట్ సరిచేస్తాం’ అంటే ఒప్పుకోకండి, అరగదీసిన పన్ను మళ్ళీ రాదు.

తిండి, హెల్మెట్, ఆవలింత

మూడు వారాలు తేగలు, చెరకు, చిక్కీలు, బీచ్‌లో కాల్చిన మొక్కజొన్న పొత్తు, కిళ్ళీ, చూయింగ్ గమ్ పక్కన పెట్టండి. వీటిలో తేగలు మరీ మోసం. పీచు గట్టిగా ఉండదు కానీ అరగంట ఆగకుండా నములుతాం. పీత కాళ్ళు పళ్ళతో కొరక్కండి, కత్తెర వాడండి. జామకాయ, ఆపిల్ ముక్కలు కోసుకోవాలి. ఇడ్లీ, పప్పన్నం, చేపల పులుసు, ఎండాకాలమైతే ముంజలు అన్నీ నిశ్చింతగా తినొచ్చు. ఉత్త జావలూ జ్యూసుల మీద బతకనక్కర్లేదు, కండరానికి కాస్త పని కావాలి. రెండు వైపులా నమలండి.

హెల్మెట్ చెంప ప్యాడ్లు బిగుతుగా ఉండి బుగ్గలు పళ్ళ మధ్యకి వస్తుంటే ప్యాడ్లు మార్పించుకోండి. స్ట్రాప్ మాత్రం వదలొద్దు. ఆవలింత వస్తే నాలుక అంగిలికి ఆనించి, గడ్డం కింద పిడికిలి పెట్టుకోండి. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించడం, అరచేతిలో దవడ ఆనించుకుని టీవీ చూడడం, బోర్లా పడుకోవడం మూడూ ఒకే కండరాన్ని గంటల తరబడి నలుపుతాయి.

ఎన్నాళ్ళు?

మొదటి వారం వేడి, పళ్ళు విడదీయడం, మెత్తటి తిండి, నాలుక ఆనించి తెరవడం, ఇవే. రెండో వారం మర్దన, గడ్డం కింద వేలు పెట్టి అడ్డుకునే కదలిక కలపండి. మూడో వారం నుంచి అద్దం, దారం. నాలుగో వారానికి నొప్పి అంకె కదలకపోయినా, నోటి కొలత తగ్గినా ఇంకోసారి డాక్టరుకి చూపించుకోవాలి. బాగుంటే ఆరో వారం దాకా కొనసాగించి, తర్వాత వారానికి మూడు రాత్రులకి తగ్గించండి.

పరీక్షల రోజుల్లోనో, ఇంట్లో పెళ్ళి పనుల్లోనో నొప్పి మళ్ళీ తిరగబెట్టొచ్చు. అప్పుడు మొదటి వారం చేసినవాటికే వెనక్కి వెళ్ళి నాలుగైదు రోజులు ఉండండి. ఆ రోజుల్లో పుల్లలూ లోపలి మర్దనా ముట్టుకోవద్దు. స్కేలు పెట్టి కొలత పాత అంకెకి వచ్చాకే మళ్ళీ మర్దన మొదలుపెట్టండి.